తువ్వాల కింద మామ చెయ్యి

పోయిన నెల ఒక ఉదయం నంద్యాలలో నా షెడ్డు ముందు ఆటో ఆగి మా ఆవిడ దిగింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె షెడ్డుకు వచ్చింది రెండు మూడు సార్లకు మించదు. నేను బండి కింద పడుకుని ఉన్నాను. నాకు ఆమె పాదాలు మాత్రమే కనిపించాయి. "నాయన లేడంట," అంది. గబుక్కున లేవబోతే తలకు సైలెన్సరు కొట్టుకుంది. ఇద్దరం అదే ఆటోలో బస్టాండుకు పోయి, ఆళ్లగడ్డ బస్సెక్కాం. దారి పొడవునా ఆమె ఏడవలేదు. నా నుదుటి మీది బొప్పిని కొంగుతో అదుముతూ కూర్చుంది.

పోయినాయన ఆమె తండ్రి, నాకు మామ. పెద్ద వయసు, ఏళ్ల నాటి షుగరు, కాలికి మానని పుండు. కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోలేదు. వాకిట్లో చుట్టాల కంటే డ్రైవర్లూ మెకానిక్కులే ఎక్కువ ఉన్నారు. ఒకడు నా పక్కన నిలబడి, "ఇంగ యాక్సిల్ చూసేటోడు లేడప్పా మనకు," అన్నాడు. అతని పక్కనున్నవాడు, "చూడనీకి యాక్సిళ్లు మాత్రం యాడుండాయిలే," అన్నాడు. రెండూ నిజమే.

పత్రికలో స్మృతి రాయడానికి ఇదేం ఉద్యోగం అని మీకు అనిపించవచ్చు. మా మామ పాత కార్ల వెనక యాక్సిళ్లకు ధర కట్టేవాడు. ఆళ్లగడ్డ చివర పాత బండ్లు విప్పే బయలు ఒకటి ఉండేది. ఆయన రోజూ అక్కడ ఒక టైరు మీద కూర్చునేవాడు. కొనేవాడు కాదు, అమ్మేవాడూ కాదు. కొనేవాడికీ అమ్మేవాడికీ మధ్యన కూర్చుని, ఇది ఇంత చేస్తుంది అని తేల్చేవాడు. ఆయన తేల్చాక మళ్లీ బేరం ఉండేది కాదు.

అంతకు ముందు ఎద్దుల దళారీ. సంతలో ఎద్దు నోరు తెరిచి పళ్లు చూసి వయసు చెప్పడం, నాలుగడుగులు నడిపించి లోపం పట్టడం ఆయనకు వాళ్ల నాయన నేర్పిన విద్య. ట్రాక్టర్లు వచ్చి ఎద్దుల బేరాలు పలచబడ్డాయి. తొంభైల మొదట్లో ఆయన సంత వదిలేసి ఇనుము దగ్గరికి వచ్చాడు. "జీవాన్ని చూసిన కన్నుకు ఇనుమెంతలే అనుకున్యా. ఇనుమే మోసగత్తె నాయనా, అరవదు, తన్నదు," అనేవాడు.

ఆ రోజుల్లో మా వైపు పెద్ద రైతుల ఇళ్లల్లో పాత స్పీడు కార్లు ఉండేవి. పెద్ద ఇంజను, పొడుగాటి మూతి, రోడ్డెక్కితే ఆగని పరుగు. వాళ్ల నాయనలు మోజుపడి కొన్నవి. పెట్రోలు పోయలేక కొందరు వాటికి డీజిల్ ఇంజన్లు పెట్టించి బాడుగ డ్రైవర్లకు అమ్మేశారు. ఇంజను మారేసరికి వెనక యాక్సిల్ మొరాయించేది. కొత్తది కొందామంటే ఆ కార్ల తయారీయే ఎప్పుడో ఆగిపోయింది. విప్పిన బండి నుంచి వచ్చిన పాత యాక్సిలే దిక్కు.

వెనక యాక్సిల్ అంటే రెండు చక్రాల మధ్య అడ్డంగా ఉండే లావుపాటి ఇనుప గొట్టం. నడిమధ్యన బానలాంటి ఉబ్బు, ఆ ఉబ్బులో నూనె, నూనెలో మునిగి తిరిగే పళ్ల చక్రాలు. ఇంజను బలమంతా అక్కడ మలుపు తిరిగి చక్రాలకు పోతుంది. బయటినుంచి చూస్తే మంచిదీ చెడ్డదీ ఒకటే నలుపు, ఒకటే జిడ్డు. అందుకే మా మామ అవసరమయ్యాడు.

ఆయన చూసే పద్ధతి నేను వందసార్లు చూసి ఉంటాను. మొదట అసలు ముట్టుకునేవాడు కాదు. "ఎవరి బండిది? నడిపినోడెవరు?" అని అడిగేవాడు. నడిపినవాడు కోపిష్టి అని తెలిస్తే అక్కడికక్కడే ధర సగం తెగిపోయేది. తర్వాత సుద్దముక్కతో గీత గీసి, చక్రాలు ఒక చుట్టు తిరిగేలోపు ఇంజను కడ్డీ వచ్చి తగిలే ముందరి బిళ్ల ఎన్ని చుట్లు తిరుగుతుందో లెక్కపెట్టేవాడు. మూడున్నర దగ్గర ఆగితే పరుగు బండిది, ఐదు దగ్గరికి పోతే బరువు లాగే బండిది. స్పీడు కారుకు బరువు బండి యాక్సిల్ అంటగట్టాలని చూసిన వాళ్లు ఆ గీత దగ్గరే దొరికిపోయేవాళ్లు.

చివరికి నూనె పోసే రంధ్రం బిరడా విప్పించి లోపలికి వేలు పెట్టేవాడు. అక్కడ ఆయన మొహం మారిపోయేది. చూపు యాక్సిల్ మీద కాకుండా ఎక్కడో అహోబిలం కొండల మీద ఉండేది. గోటితో ఒక్కో పంటి మొదలు తడిమి, నూనె ముంచుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపేవాడు. ఒకసారి ప్రొద్దుటూరు వైపు నుంచి వచ్చిన ఒకాయన చక్రం తిప్పి చూపించాడు. చప్పుడే లేదు, వెన్నలా తిరిగింది. మామ నూనె నలిపి, "ఏమప్పా, ఇది వడ్రంగి కాడ కొన్నావా?" అన్నాడు. అరిగిపోయిన పళ్ల చప్పుడు వినపడకుండా నూనెలో రంపపు పొట్టు కలపడం పాత మోసం. ఆ ప్రొద్దుటూరాయన యాక్సిల్‌ను తిరిగి లారీకి ఎత్తించుకున్నాడు.

అంతా చూశాక మామ చెప్పేది ఆయుస్సు. "ఇది మూడు వానాకాలాలు ఓర్చుతాది." "ఇది సంక్రాంతి చూడదు." ధర మాత్రం నోటితో చెప్పడు. భుజం మీది తువ్వాల తీసి, ఎద్దుల సంతలో చేసినట్టే దాని కింద కొనేవాడి చేతిని పట్టుకునేవాడు. ఎన్ని వేళ్లు అదిమితే అన్ని వేల రూపాయలు. మడిచిన వేలు సగం. తర్వాత అదే తువ్వాల కింద అమ్మేవాడి చెయ్యి. ఇద్దరి మాటా కలిసేదాకా ఆయన చెయ్యి అటూ ఇటూ తిరిగేది. చుట్టూ పదిమంది ఉన్నా ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. "ధర బయట పలికితే ఒకని పరువన్నా పోతాదప్పా. లోపల్నే పలకనీ," అనేవాడు.

ఆ వేళ్లను ఆయన కాపాడుకునే తీరు చూస్తే నవ్వొచ్చేది. బరువెత్తడు. వేడి గిన్నె ముట్టుకోడు. జిడ్డు వదిలించుకోవడానికి కిరోసిన్ వాడడు, చర్మం మొద్దుబారుతుందని. నంద్యాల మిల్లుల నుంచి నేను తవుడు తెచ్చిస్తే, దాంతో పది వేళ్లూ నిదానంగా రుద్దుకునేవాడు. మా అత్త బతికున్న రోజుల్లో, "కొత్త పెండ్లికూతురు నయం మీ మామ కంటే," అని నా ముందరే ఎగతాళి చేసేది. "పెండ్లికూతురు చెయ్యి ఒక్కనికే. నా చెయ్యి ఊరందరికీ," అనేవాడు ఆయన.

నా షెడ్డు నిలబడింది ఆయన మాట మీదనే. ఆయన చూసిన యాక్సిల్‌ను నేను బిగిస్తానని తెలిసి గోస్పాడు నుంచీ పగిడ్యాల నుంచీ కూడా బండ్లు వచ్చేవి. అల్లుణ్ని కదా అని నాకు ఒక్క వేలు కూడా తగ్గించలేదు. మొదట్లో కోపమొచ్చేది. ఆ ఒక్క వేలు తగ్గించి ఉంటే ఆయన మాటకు విలువ ఉండేది కాదని తర్వాత తెలిసింది.

షుగరు మొదట పాదాలను పట్టింది. ఒకరోజు బయలు నుంచి ఇంటికి ఒక కాలికే చెప్పుతో వచ్చాడు. రెండోది ఎక్కడ ఊడిందో ఆయనకు తెలియనే లేదు. అందరం నవ్వాం, ఆయనా నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది.

వేళ్ల సంగతి నాకు తువ్వాల కింద తెలిసింది. ఒక పెద్ద పెట్రోలు కారు యాక్సిల్, చాలా మంచిది, దానికి కొనేవాణ్ని నేనే. నేను నాలుగు వేళ్లు అదిమాను. మామ తల ఊపి అమ్మేవాడి వైపు తిరిగి, తువ్వాల కింద వాడి చెయ్యి పట్టుకున్నాడు. వాడు కాలినట్టు చెయ్యి లాక్కుని, "మూడా? మూడేందయ్యా, ఎగతాళి చేస్తాండారా?" అని లేచాడు. సంతలో కూడా అట్లా జరగదు. తువ్వాల కింద అంకె తప్పడమంటే దళారీ దొంగైనా అయి ఉండాలి, చేతకానివాడైనా అయి ఉండాలి. మామ నా వైపు చూశాడు. ఆ కళ్లల్లో కోపం లేదు. అయోమయం ఉంది.

"నేనే తప్పుగా పట్టినా మామా. నాలుగు అనుకోని మూడే అదిమినా," అన్నాను.

ఆయన మొహం తేరుకుంది. "వయసులో ఉండావు, లెక్క సరిగ్గా పట్టుకోవద్దా అప్పా," అని అందరి ముందూ నన్ను మందలించాడు. బేరం కుదిరింది. తర్వాత టీ వచ్చింది. పొగలు కక్కుతున్న స్టీలు గ్లాసు. నేను చొక్కా అంచుతో పట్టుకున్నాను. ఆయన ఉత్త వేళ్లతో పట్టుకుని, నిమ్మళంగా మాట్లాడుతూ కూర్చున్నాడు. వేడి గిన్నె ముట్టని మనిషి. ఆయన వేళ్ల కొసలు ఎర్రగా కందిపోతున్నాయి. నాకు అప్పుడే మొత్తం అర్థమైంది.

ఎందుకు చెప్పలేదని మీరు అడగవచ్చు. ఆయన పరువు కోసమని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం నా షెడ్డు. మామ చూడడం మానేస్తే నా దగ్గరికి ఎవరొస్తారు? ఆయనకు కూడా తెలుసో లేదో, తెలిసీ దాచుకున్నాడో నాకప్పుడు తెలియదు. ఇద్దరం అదే బయల్లో, అదే టైర్ల మీద, ఏమీ జరగనట్టు రెండేళ్లు నడిపాం. ఆయన వేలు పెట్టేవాడు, ఆయుస్సు చెప్పేవాడు. అనుభవం కొద్దీ చాలాసార్లు సరిపోయేది. నడిపిన మనిషిని అడిగి, సుద్దగీత చూసి, మిగతాది ఊహించేవాడు. మా అదృష్టం బాగున్నంతకాలం బాగుంది.

గోస్పాడు నుంచి ఒక డ్రైవరు వచ్చాడు. ఇన్నేళ్లూ ఇతరుల కార్లు నడిపి, చివరికి సొంతంగా ఒక పాత స్పీడు కారు కొనుక్కున్నాడు. పెళ్లి బాడుగలు, ఆస్పత్రి బాడుగలు, అహోబిలం బాడుగలు. అతని ఇంటికి అదొక్కటే ఆధారం. దాని యాక్సిల్ మోత పెడుతోంది. ఇద్దరం కలిసి ఆళ్లగడ్డ పోయాం. బయల్లో అదే కారుది ఒకటి ఉంది. తిప్పితే చప్పుడు లేదు.

మామ సుద్దగీత గీశాడు, మూడున్నర దగ్గర ఆగింది. వేలు పెట్టాడు. నూనె ముంచుకుని నలిపాడు. చాలాసేపు నలిపాడు. నేను పక్కనే ఉన్నాను, నా చెయ్యి కూడా ఆ రంధ్రంలో పట్టేది. పెట్టలేదు. మామ చూసినదాన్ని అల్లుడు మళ్లీ తడమడమంటే పదిమందిలో ఆయన్ను నమ్మనట్టే కదా.

"తీసుకోప్పా. రెండేండ్లు వెనక్కి తిరిగి చూడపనిలేదు," అన్నాడు మామ. డ్రైవరు ఆయన కాళ్లకు మొక్కినంత పని చేశాడు. మరునాడు నేనే బిగించాను, బాన విప్పి చూడకుండానే.

నెల తిరగకముందే గిద్దలూరు ఘాటులో దిగుతుండగా లోపలి పళ్లు విరిగి ఇరుక్కుని, వెనక చక్రాలు రెండూ ఒక్కసారిగా పట్టేశాయి. కారు అడ్డం తిరిగి గట్టు రాయికి కొట్టుకుంది. బాడుగ దింపి ఉత్త బండితో వస్తున్నాడు కాబట్టి ప్రాణాలు పోలేదు. అతని కుడి మోకాలు మాత్రం నుజ్జయింది. బండి నా షెడ్డుకే వచ్చింది. బాన విప్పితే అడుగున రంపపు పొట్టు, నూనెలో నాని ముద్దలా. కొంచెం తీసి వేళ్ల మధ్య పెట్టాను. నలపాల్సిన పనే లేదు, చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ రోజంతా దాన్ని నలుపుతూ కూర్చున్నాను.

కబురు తెలిసి మామ మొదటి బస్సుకే నంద్యాల వచ్చాడు. ఆస్పత్రికి తీసుకుపోయాను. డ్రైవరు మంచం మీద నుంచే, "నువ్వేం చేస్తావులే పెద్దాయనా, ఇనుము గదా. లోపలేముందో ఎవరికి తెలుస్తాది," అన్నాడు.

మామ మంచం పట్టె పట్టుకుని నిలబడ్డాడు. "నాకు తెలియాల. అది తెలుసుకుంటానని గదా నీతో రెండేండ్లని చెప్పింది. నా యేళ్లు సచ్చి శానా దినాలాయ నాయనా. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. నా సిగ్గే నీ కాలు తినింది."

డ్రైవరు మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. మామ అక్కడే చాలాసేపు నిలబడి, నర్సు పొమ్మంటే వచ్చేశాడు.

తర్వాత బేరాలున్న రోజు చూసుకుని బయలుకు పోయాడు. డ్రైవర్లు, మెకానిక్కులు, అమ్మేవాళ్లు అందరూ ఉన్నారు, నేనూ ఉన్నాను. తువ్వాల భుజం మీదనే ఉంచి, జీవితంలో మొదటిసారి అక్కడ గొంతెత్తి చెప్పాడు. "ఇనండప్పా. గోస్పాడాయనకు నేను చూసిచ్చిన యాక్సిల్‌లో పొట్టుండె. నా యేళ్లకు తెలియలేదు. అంతకు ముందు చూసినేటివి ఎన్ని సరైనాయో, ఎన్ని దేవుడు కాపాడినాడో నేను చెప్పలేను. ఇంగ నా మాటకు దుడ్లు పెట్టొద్దండి."

అందరూ ఆశ్చర్యంగా ఆయన వేళ్ల వంక చూశారు. నేనూ చూశాను, నాకూ అప్పుడే తెలిసినట్టు. ఆ రోజు నేను పెట్టిన ఆ మొహం గురించే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను. ఆయన అంతమందిలో తన నెత్తిన తానే మన్ను పోసుకుంటుంటే, అందులో సగం మన్ను నాదని ఒక్క ముక్క అనలేకపోయాను.

ఆ తర్వాత ఆయన బయలుకు పోలేదు. కొన్నాళ్లకు బయలే లేకుండా పోయింది. కొత్త కార్లన్నిటికీ బలం ముందు చక్రాలకే. వెనక ఆ బాన లేదు, ఆ నూనె లేదు. పాత కార్లు ఒక్కొక్కటే తూకం ఇనుము కింద కాటాకు పోయాయి. డ్రైవరు మళ్లీ స్టీరింగు పట్టలేదు. గోస్పాడులో చిన్న కిళ్లీ బంకు పెట్టుకుని కూర్చుంటున్నాడు. నేను అటు పోయినప్పుడు ఏదో ఒకటి కొంటాను. అతను ఇస్తాడు. మాటలుండవు. మామ కూడా రెండుసార్లు పోయాడట, అతను బంకు వదిలి లోపలికి వెళ్లాడట. క్షమించమని అడిగే వీలు కూడా లేకుండా పోయింది.

నేను బతుకుతున్నాను. ముందు చక్రాల కార్లు నేర్చుకున్నాను. ఆళ్లగడ్డ పోయినప్పుడల్లా తవుడు తీసుకుపోయేవాణ్ని, అలవాటు కొద్దీ. ఆయన చేతులు కడుక్కోవడానికి జిడ్డే లేదు. పొట్లాన్ని మంచం కింద పెట్టేవాడు. ఎలుకలు తినేవి.

ఆయన పోవడానికి పది రోజుల ముందు, ఒక ఆదివారం మా ఆవిడతో ఆళ్లగడ్డ వెళ్లాను. పుండుకు కట్టు మార్చి మా ఆవిడ నీళ్లు పారబోయడానికి వెళ్లింది. మామ పైకప్పు చూస్తూ అడిగాడు.

"ఒక మాట అడుగుతా. నా యేళ్ల సంగతి నీకు ముందే తెలుసునా అప్పా?"

చెప్పడానికి దేవుడు నాకు ఇచ్చిన చివరి అవకాశం అది. గదిలో మూడో మనిషి లేడు. షెడ్డుకు ఆయన మాటతో పనిలేని రోజులు. పోయేదేమీ లేదు. అయినా నా నోటి నుంచి వచ్చింది, "లేదు మామా."

"అంతేలే," అన్నాడు. "నీకు తెలిసింటే నాతో చెప్పకుండా ఉంటావా." నిమ్మళంగా కళ్లు మూసుకున్నాడు. ఆ మాట నమ్మి అన్నాడో, నన్ను తూచి అన్నాడో నాకు తెలియదు. ఇక తెలిసే దారి లేదు. మా ఆవిడకు ఈ సంగతి ఇప్పటిదాకా చెప్పలేదు. ఇది అచ్చయితే చదువుతుంది.

దినాలయ్యాక షెడ్డు తెరిచిన రోజే ఒకాయన ఆటోలో యాక్సిల్ ఒకటి వేసుకుని వచ్చాడు. పాత స్పీడు కారుది, ఇంకా ఇలాంటివి మిగిలి ఉన్నాయా అనిపించింది. "ఆళ్లగడ్డ పెద్దాయన పోయినాడంట గదన్నా. నువ్వు అల్లునివంట. ఇదేమన్నా చేస్తాదేమో జర చూసి చెప్పు," అన్నాడు.

బిరడా విప్పి వేలు పెట్టాను. పళ్లు తగిలాయి. నూనె తీసి నలిపాను. నా వేళ్లకు అన్నీ తెలుస్తున్నాయి, జిడ్డు, చల్లదనం, గరుకు. అది ఎన్ని వానాకాలాలు ఓర్చుతుందో మాత్రం ఏ వేలూ చెప్పలేదు. తెచ్చినాయన నా మొహంలోకే చూస్తున్నాడు.

"నాకు తెలీదన్నా," అన్నాను. ఇన్నేళ్లలో ఆ మాట నేను నిజంగా అన్నది అప్పుడే.

ఆయన సరేలే, కాటాకే వేస్తానన్నాడు. ఇద్దరం కలిసి యాక్సిల్‌ను మళ్లీ ఆటో వెనక అడ్డంగా పెట్టి తాడుతో కట్టాం. రెండు కొసలూ రెండు పక్కలా బయటికి పొడుచుకొచ్చాయి. ఆటో కదిలింది. గుంతల్లో పడి లేచినప్పుడల్లా చక్రం లేని ఆ ఇనుప కొస కొంచెం తిరిగి, ఆగి, మళ్లీ కొంచెం తిరుగుతూ పాత ఇనుము అంగళ్ల వైపు పోయింది. చప్పుడు లేదు.